రిపోజిటరీని ‘ఉగ్రాణం’ అనవచ్చా?

ప్రశ్న:
ఆండ్రాయిడ్ యాప్‌లు నేర్చుకునే పిల్లల కోసం తెలుగులో పాఠం రాస్తున్నాను. రూమ్ (ఫోన్‌లో డేటా దాచుకోవడానికి వాడే లైబ్రరీ), డావో (డేటాబేస్‌తో మాట్లాడే కోడ్), క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) లాంటివి అలాగే ఉంచేశాను. ‘రిపోజిటరీ’ దగ్గర ఆగిపోయాను. భాండాగారం, నిధి, ఖజానా తడుతున్నాయి. ఏది నప్పుతుందంటారు?

జవాబు:
ఆ మూడూ సరుకు ఉండే చోటికి పేర్లండీ. యాప్‌లో ఆ చోటు ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైలు. అందులోంచి ఏ టేబుల్‌లో ఏ వరసలు తీయాలో చెప్పే క్వెరీలన్నీ డావోలో ఉంటాయి. రిపోజిటరీ దానికి ఇవతల ఉంటుంది. స్క్రీన్ ‘వార్తలు కావాలి’ అని అడిగితే, ఫోన్‌లో దాచినవి ఇవ్వాలా, సర్వర్ నుంచి కొత్తవి తెప్పించాలా అన్నది తేల్చేది అదే. అడిగినవాళ్లకు ఆ సంగతి తెలియనక్కర్లేదు.

నాకు ‘ఉగ్రాణం’, అంటే వంట సరుకుల గది, నచ్చుతుంది. పెళ్లిలో వంటవాళ్లు నెయ్యి కావాలంటే ఉగ్రాణం చూసే ఆయన్ని అడుగుతారు. లోపల ఉంటే తీసిస్తాడు, అయిపోతే బజారుకు మనిషిని పంపుతాడు. వంటవాళ్లు పొయ్యి దగ్గర నుంచి కదలరు. తిరుమల గుడిలో ఈ మాట ఇంకా బతికే ఉంది.

ఇంకొకరు:
ఉగ్రాణం కూడా గదే కదండీ?

జవాబు:
గదే. కానీ ‘ఉగ్రాణం ఎవరు చూస్తున్నారు?’ అని అడుగుతాం. ఆ మాట వెంట ఒక మనిషి, ఒక పని ఉన్నాయి. భాండాగారం అనగానే తాళం వేసిన గది తప్ప ఇంకేమీ తోచదు. పిల్లలు తికమకపడేది సరిగ్గా ఇక్కడే. రిపోజిటరీ అంటే డేటాబేసే అనుకుని స్క్రీన్ కోడ్‌లోంచి నేరుగా డావోను పిలిచేస్తారు. రేపు సర్వర్ నుంచి కూడా డేటా తేవాల్సి వస్తే ప్రతి స్క్రీన్‌నీ తిరగరాయాలి. 2017లో వచ్చిన రూమ్, క్వెరీలో టేబుల్ పేరు తప్పు రాస్తే యాప్‌ను బిల్డ్ చేసేటప్పుడే పట్టుకుంటుంది. స్క్రీన్‌ను నడిపే మెయిన్ థ్రెడ్ మీద క్వెరీ నడపబోతే మామూలుగా ఒప్పుకోదు. స్క్రీన్‌లోంచి నేరుగా డావోను పిలిచే తప్పును మాత్రం పట్టుకోదు, మనమే నేర్పాలి.

మరొకరు:
మా ఇంట్లో ఈ మాట ఎప్పుడూ వినలేదు. పిల్లలకు ఒకటికి రెండు కొత్త మాటలవుతాయేమో.

జవాబు:
నిజమే. అందుకే క్లాసు పేరులో రిపోజిటరీనే ఉంచండి, ఉద్యోగంలో వాళ్లకు కనిపించేది అదే. ఉగ్రాణం సంగతి మొదటి పాఠంలో పెళ్లి వంట చెప్పి ఒక్కసారి పరిచయం చేస్తే చాలు. డావోకు మాత్రం తెలుగు వెతకవద్దు. రెండక్షరాల మాట, నోటికి బాగానే తిరుగుతోంది.