మెదడులోని మైక్రోగ్లియాలోకి హెచ్‌ఐవీ ఎలా చొరబడుతుంది?

శ్రావణమేఘం: రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గిందని రిపోర్టు వచ్చింది. మెదడులోని రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియాలో మాత్రం దాగి ఉంటుందట. అక్కడికి ఎలా చేరుతుంది? మందులు అక్కడ పనిచేస్తాయా?

పదిహేనేళ్లుగా: మందుల సంగతి నన్ను అడగండి. ఎఫావిరెంజ్ అనే హెచ్‌ఐవీ మందు వాడిన మూడేళ్లూ నిద్ర నరకమే. కలలో అంటుకున్న మంటల వాసన మెలకువ వచ్చాక కూడా వదిలేది కాదు. మందు మార్చాకే కంటినిండా నిద్రపోయాను.

సూక్ష్మదర్శిని: అడిగింది కలల గురించి కాదు. ఇరవై ఏళ్లుగా వైరాలజీ ల్యాబులో ఈ కణాలే పెంచుతున్నాను. వైరస్ సోకిన మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలు రక్తం నుంచి మెదడులోకి దాటుతూ దాన్ని తమతో మోసుకెళ్తాయి. అక్కడ వైరస్ పైనున్న జీపీ120 అనే ప్రోటీన్ కణం మీది గ్రాహకాల్లో ముందు సీడీ4ను, తర్వాత సీసీఆర్5ను పట్టుకుంటుంది. వైరస్ మీదున్న మరో ప్రోటీన్ జీపీ41 వైరస్ పొరను కణం పొరతో కలిపేస్తుంది. మైక్రోగ్లియా మీద సీడీ4 చాలా తక్కువ. ఆ కాస్తతోనే లోపలికి దూరగల రకాలే అక్కడ నిలదొక్కుకుంటాయి.

వెన్నెల: మెదడులో నాడీకణాలకు తోడ్పడే ఆస్ట్రోసైట్లను ఎందుకు వదిలేశారు? వాటిలోనూ వైరస్ డీఎన్‌ఏ కనిపించిందని చెప్పిన పరిశోధనలు ఉన్నాయి.

సూక్ష్మదర్శిని: వాటి మీద సీడీ4 లేదు. కణం వైరస్‌ను మింగడం వేరు, దానికి వైరస్ సోకడం వేరు. ఈ తేడా తెలియకుండా వాదించవద్దు.

వెన్నెల: తెలిసే అడుగుతున్నాను. మీ గిన్నెలో పెరిగిన కణాలు మనిషి మెదడు కావు. ఇరవై ఏళ్ల అనుభవం సాక్ష్యానికి బదులు కాదు.

సూక్ష్మదర్శిని: సాక్ష్యమే చెబుతున్నాను! ఆస్ట్రోసైట్ నుంచి కొత్త వైరస్ బయటికి వచ్చిందని చూపించండి, ఒప్పుకుంటాను.

నీలిగడప: మీ పంతాలు పక్కన పెట్టండి. మా అన్నయ్యకు చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టేది. రక్తంలో వైరస్ లేదు కాబట్టి అది దిగులేనని ఒక డాక్టర్ తేల్చేశారు. నేను పట్టుబడితే మరొకరు వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. అందులో వైరస్ ఉంది! మందుల కలయిక మార్చిన నాలుగు నెలలకు గుండీలన్నీ తనే పెట్టుకున్నాడు. ఆ రోజు నేను ఏడ్చేశాను.

శ్రావణమేఘం: అయితే నాడీకణాలకే సోకిందా?

సూక్ష్మదర్శిని: కాదు. సోకిన మైక్రోగ్లియా, మాక్రోఫేజ్‌లు (మోనోసైట్ల నుంచి తయారయ్యే రోగనిరోధక కణాలు) విడిచే విషపదార్థాల వల్ల, వాపు వల్ల నాడీకణాలు దెబ్బతింటాయి. ఆ నీటి పరీక్ష అందరికీ అక్కర్లేదు. మతిమరుపు, తడబాటు లాంటివి ఉంటే డాక్టర్‌ను అడగండి.

వెన్నెల: ఆస్ట్రోసైట్ల మాట ఇంకా తేలలేదు.

పదిహేనేళ్లుగా: ఎఫావిరెంజ్ ఇంకా వాడుతున్నవారు ఎవరైనా ఉన్నారా? కలలు వేధిస్తుంటే మీ అంతట మీరు ఆపకండి, మార్చమని అడగండి. నేను అడగడానికి మూడేళ్లు పట్టింది.