చండీగఢ్ కుర్చీకి పియెర్ జానరే పేరొక్కటే వెయ్యాలా?

చిత్రిక: చండీగఢ్ కొత్తగా కట్టినప్పుడు అక్కడి ప్రభుత్వ ఆఫీసుల కోసం చేయించిన టేకు, పేము కుర్చీలన్నిటికీ వేలంపాటల జాబితాల్లో స్విస్ ఆర్కిటెక్టు ‘పియెర్ జానరే’ అని ఒక్క పేరే తగిలిస్తున్నారు. 1951 నుంచి 1965 దాకా ఆయన చండీగఢ్‌లో ఉన్నది నిజమే. కానీ యూలీ చౌధరి లాంటి ఆర్కిటెక్టులూ ఆ ఫర్నిచర్ మీద పనిచేశారు, తయారీ ఎన్నో వర్క్‌షాపుల్లో జరిగింది. ఇదేం లెక్క?

కొయ్యగుర్రం: సరైన లెక్కే. కాళ్లు చూస్తే ఆయన చెయ్యి తెలిసిపోతుంది. 1929లో పారిస్‌లో చండీగఢ్ ప్లాను గీసిన ఆర్కిటెక్టు కార్బూజియే, ఫ్రెంచ్ డిజైనర్ షార్లోత్ పెరియాన్‌లతో కలిసి స్టీలు గొట్టాల కుర్చీలు ప్రదర్శించిన మనిషి, 1940ల చివరికల్లా అమెరికా ఫర్నిచర్ కంపెనీ నోల్‌కి చెక్క కాళ్లు కత్తెరలా దాటే కుర్చీ గీసిచ్చాడు. చండీగఢ్‌లో అవే కాళ్లు చేతిపట్టె కింద కలిసి తిరగేసిన ‘వి’ అయ్యాయి. సీటు దగ్గర అడ్డపట్టీ పడితే ‘ఎ’ అక్షరం. బరువు పడ్డప్పుడు కాళ్లు విచ్చుకోకుండా ఆపేది ఆ పట్టీయే. పాతికమంది కూర్చుని తేల్చే ఆలోచన కాదిది.

పేముపని: ఆలోచన ఆయనదే అనుకుందాం. ఒకే రకం కుర్చీలు రెండు పక్కపక్కన పెట్టి కొలవండి. కాలి మందం, చేతిపట్టె వంపు, పేము కన్నాల మధ్య ఎడం కలవకపోవచ్చు. చెక్క మీద తెల్లరంగు అక్షరాలు, అంకెలు చూసి సంతకమని మురిసిపోయేవాళ్లున్నారు. అది ఆఫీసు స్టాకు నంబరండీ!

చిత్రిక: మరి సీటు మళ్లీ అల్లించినదైతే?

పేముపని: తప్పేం లేదు, పేము తెగేదే. ఎలా అల్లారన్నదే చూడాలి. కన్నాల్లో ఇరుక్కున్న పాత పుల్లల్ని సన్నటి శీలతో కొట్టి తియ్యాలి. డ్రిల్లు పెడితే కన్నం పెద్దదై, రెండు కన్నాల మధ్య చెక్క చీలుతుంది. కన్నం అంచు పదునుగా ఉంటే కొత్త పేము సరిగ్గా అక్కడే తెగుతుంది, కాబట్టి ఆకురాయితో గుండ్రం చెయ్యాలి. పేము గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానితే చాలు. నిలువు, దాని మీద అడ్డం, మళ్లీ నిలువు, నాలుగోది కిందా మీదా అల్లుతూ అడ్డం, ఆపైన ఐమూల వరసలు రెండు, చివర కన్నాలు కప్పే అంచుపట్టీ. మొదటి వరసలే బిగలాగితే ఐమూల దూరదు. దూర్చినా, ఆరి బిగిశాక పుటుక్కున తెగుతుంది.

ఇక కాళ్లు ఊగుతుంటే మేకు కొట్టకండి, టేకు నార వెంట చీలుతుంది. కుసి (కన్నంలో దూరే చెక్క కొన) ఊడదీసి, పాత జిగురు పూర్తిగా గీకి, కొత్త జిగురు పెట్టి, క్లాంపు బిగించి రాత్రంతా వదిలెయ్యాలి.

చిత్రిక: అయితే వేలంలో కుర్చీకి తగిలించే చీటీ మీద ఇలా రాయాలి. ‘రూపకల్పన: జానరే, చండీగఢ్ ఆర్కిటెక్టులు. తయారీ: స్థానిక వర్క్‌షాపు. పేము: మార్చినది.’

కొయ్యగుర్రం: మొదటి పేరు ఆయనదే కదా, నాకభ్యంతరం లేదు. అయినా 2011లో కేంద్ర హోంశాఖ వీటి అమ్మకం, ఎగుమతి ఆపమన్నది పేరు కోసం కాదు. పనికిరానివని తుక్కు వేలంలో అమ్మేసినవి యూరప్ డీలర్ల చేతుల్లో లక్షలు పలికాక గానీ మనవాళ్లకి తెలివి రాలేదు.

పేముపని: పనికిరానివని రాసినవాళ్ల దగ్గర పేము అల్లేవాడికి బడ్జెట్ లేదు, అంతే.