ఇంట్లో పెరిగిన కుందేలును పార్కుకు తీసుకెళ్లవచ్చా?

తెల్లచెవులు:
మాది హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటు. మా కుందేలుకు రెండేళ్లు. కాళ్ల కింద టైల్స్ తప్ప మరేదీ ఎరగదు. హార్నెస్ (ఒంటికి బిగించే పట్టీ, దానికో తాడు) కట్టి ఆదివారం పార్కుకు తీసుకెళ్దామని మా అమ్మాయి పట్టుబడుతోంది. "పచ్చిక మీద ఒక్కసారైనా పరుగెత్తనివ్వవా?" అంటుంది. ఆ మాట కాదనలేను, ధైర్యమూ చాలడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

మేడమీద:
తప్పకుండా తీసుకెళ్లండి. కుక్కకు, పిల్లికి ఉన్నట్టు కుందేలు పాదాల కింద మెత్తలు ఉండవు, వెంట్రుకలే ఉంటాయి. ఎప్పుడూ గట్టి నేల మీదే ఉంటే మడమలు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. కిటికీలోంచి ఎండ పడుతుందిగా అనుకోకండి, విటమిన్ డి తయారుకావడానికి కావలసిన కిరణాలను అద్దం చాలావరకు ఆపేస్తుంది. మా కుందేలును మొదటిసారి మట్టిలో వదిలిన రోజు నాకు బాగా గుర్తు. కాసేపు వాసన చూసింది, ముందుకాళ్లతో గబగబా తవ్వింది, ముక్కు నిండా మట్టితో ఒక్కసారిగా గాల్లోకి ఎగిరి నడుము మెలితిప్పింది. ఇంట్లో ఏడాదిన్నరగా ఆ గెంతు చూడలేదు నేను.

గరికపోచ:
మేడమీద గారు చెప్పినవి నిజమే. కానీ పార్కు సంగతి వేరండీ, మా ఇంట్లో జరిగింది చెబుతాను.

హార్నెస్ కట్టే తీసుకెళ్లాం. ముప్పై అడుగుల దూరంలో ఒక కుక్క మొరిగింది, అంతే. అది దగ్గరికి కూడా రాలేదు. మా కుందేలు తాడు చివరి దాకా దూకి, గాల్లో గిరగిరా తిరిగి కింద పడింది. కుందేలు ఎముకలు తేలిక, వెనుక కాళ్ల కండలకేమో విపరీతమైన బలం. గింజుకుని తన్నితే దాని బలానికే దాని వెన్నుపూస విరగవచ్చు. మాకు ఆ గండం తప్పింది గానీ, ఇంటికొచ్చాక గడ్డి ముట్టలేదు. మర్నాటి ఉదయానికి బోనులో ఒక్క పెంటిక కూడా లేదు. కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. పది పన్నెండు గంటలు మేత మానేసిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. నాలుగు రోజులు సిరంజితో మేత పట్టిస్తే బతికింది.

అంతకుముందు రెండుసార్లు తీసుకెళ్లినప్పుడు "ఎంత బుద్ధిగా కూర్చుందో" అని ఫొటోలు తీసుకున్నాం. ఇప్పుడు చూస్తే కళ్లు పెద్దవై ఉన్నాయి, చెవులు వీపుకు అతుక్కుని ఉన్నాయి. అది భయంతో బిగుసుకుపోవడం. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

మేడమీద:
చదువుతుంటే బాధేసింది. అయినా తప్పు తాడుది, పార్కుది. ఆరుబయటది కాదు. మేము డాబా మీద చుట్టూ జాలీ కట్టి వదులుతాం.

గరికపోచ:
పైన కూడా కట్టారా? గద్దలు, కాకులు ఉంటాయి కదా.

మేడమీద:
కట్టాం. ఒకసారి గద్ద నీడ పడితే వెనుక కాలితో నేలను దబ్బున కొట్టి మూలకు పరుగెత్తింది. ఆ సాయంత్రమే పైన వల వేశాం. దాక్కోవడానికి అట్టపెట్టె కూడా పెట్టాం.

పెరటిగడప:
వేసవి సంగతి ఎవరూ ఎత్తలేదేమి? కుందేలుకు మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల నుంచే బయటికి పోవాలి. మార్చి నుంచి జూన్ దాకా మన ఎండలకు డాబా కూడా వద్దు. చెవులు కాలిపోతూ, నోరు తెరిచి రొప్పుతుంటే క్షణం ఆలస్యం చేయకూడదు. పార్కు గడ్డి మీద ఏ మందు కొట్టారో తెలియదు. పక్కనే గన్నేరు ఉందంటే అది విషం. మీ అమ్మాయికి కోపం వచ్చినా సరే, పార్కు మానండి.

తెల్లచెవులు:
పార్కు మానేశాం. హార్నెస్ కూడా తిరిగి ఇచ్చేస్తున్నాం. చిక్కల్లా డాబాతోనే. తాళం అసోసియేషన్ వారి దగ్గర ఉంటుంది, జంతువులను ఒప్పుకోరు. నాలుగడుగుల బాల్కనీ ఒక్కటే ఉంది, తూర్పు ముఖం.

మేడమీద:
తూర్పు చాలండీ. రెయిలింగు సందులకు కింది నుంచి పైదాకా గట్టి జాలీ బిగించండి. వెడల్పాటి టబ్బులో మందు కొట్టని మట్టి సగానికి పోసి గోధుమలు చల్లితే పది రోజుల్లో పచ్చగా లేస్తుంది. ఉదయం ఏడులోపు తలుపు తీసి, మీ అమ్మాయిని అక్కడే నేల మీద కూర్చోమనండి. ఎత్తుకుని టబ్బులో పెట్టవద్దు, దానంతట అది గడప దాటాలి. మాది దాటడానికి ఆరు రోజులు పట్టింది.