‘చమురు ధర’ అంటే ఏ చమురు?

ప్రశ్న: “చమురు ధర పడిపోయింది” అని పేపర్లో పెద్ద అక్షరాలతో వేస్తారు. బంకుకి వెళ్తే పైసా తగ్గదు. వార్త తప్పా, మాట తప్పా? ఇంకో సందేహం: “చేతి చమురు వదిలింది” అంటాం కదా, ఈ చమురూ ఆ చమురూ ఒకటేనా అండి?

జవాబు: ముందు జాతీయం సంగతి. చమురు అంటే మనకు మొదట దీపంలో పోసేది, తలకి రాసుకునేది. నేలలోంచి తోడే సరుకుకి ఆ పేరు తర్వాత పెట్టుకున్నాం. జాతీయంలో ఉన్నది ఆ మొదటి చమురే. ఫలితం లేని పనికి సొంత డబ్బు ఖర్చయితే చేతి చమురు వదిలిందంటాం.

ఇక వార్త. ‘ముడి చమురు’ చాలా మంచి మాట, శుద్ధి చేయనిదని పేరే చెబుతుంది. శీర్షికలో చోటు చాలక ‘ముడి’ ఎగిరిపోతోంది, తికమకంతా అక్కడే. బ్యారెల్ 80 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకోండి. మొత్తం 6,800. బ్యారెల్‌కి 159 లీటర్లు కాబట్టి లీటరు ముడి చమురు 43 రూపాయలలోపే. దానికి రవాణా, రిఫైనరీ ఖర్చు, కంపెనీ లాభం, డీలరు కమీషను కలుస్తాయి. ఆపైన రెండు పన్నులు: కేంద్రం వేసే ఎక్సైజు, రాష్ట్రం వేసే వ్యాట్. ఎక్సైజు లీటరుకి ఇన్ని రూపాయలని ఉంటుంది, బ్యారెల్ ధర ఎంత పడినా దానంతటది తగ్గదు. వ్యాట్ శాతాల్లో ఉంటుంది, తెలంగాణలో పెట్రోలు మీద 35.2 శాతం. అదీ ఎక్సైజు కలిపాక వచ్చిన మొత్తం మీద, అంటే పన్ను మీద పన్ను.

2020 ఏప్రిల్‌లో మన దేశం కొనే ముడి చమురు బ్యారెల్ 20 డాలర్ల దగ్గరికి దిగింది. మే మొదటి వారంలో కేంద్రం లీటరు పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు పన్ను పెంచింది. ఆ పెంపుతో బంకులో ధర పెరగలేదు, ఎందుకంటే తగ్గాల్సిన సొమ్మునే పన్ను మింగేసింది. లాక్‌డౌన్‌లో ఖజానాకి డబ్బు కావాలన్నది నిజమే. కానీ ఆటో నడుపుకునేవాళ్ళ జేబుకి చేరాల్సిన ఊరట అది, నాకైతే అన్యాయమనే అనిపించింది. అందుకే బ్యారెల్ లెక్కయితే ‘ముడి చమురు’ అనీ, లీటరు లెక్కయితే ‘పెట్రోలు’, ‘డీజిల్’ అనీ విడివిడిగా రాయాలని నా పట్టు.

మరో సభ్యురాలు: బాగా చెప్పారండి. ‘గ్యాస్’తోనూ ఇదే ఇబ్బంది. మాది కోనసీమ. ఊరి పక్కనే గ్యాస్ బావి, ఇంట్లో బండకేమో ఇంత ధరా అని మావాళ్ళు ఎప్పుడూ అడుగుతుంటారు. బావిలోంచి వచ్చే సహజవాయువులో ఎక్కువ భాగం మీథేన్. అది పైపుల్లో ఎరువుల కర్మాగారాలకీ కరెంటు కేంద్రాలకీ పోతుంది. బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఎల్పీజీ, మన వాడకంలో సగానికి పైగా దిగుమతే. దాని ధర సౌదీ వాళ్ళు నెలనెలా ప్రకటించే రేటును బట్టి కదులుతుంది. ఊళ్ళో బావి ఉన్నా లేకపోయినా బండ రేటుకి తేడా రాదు.