భువనగిరిలో రెండు రోజులు నేర్చుకున్నది చలికాలం దాకా చేతిలో నిలవాలంటే ఏం చేయాలి?

ప్రశ్న

మార్చి మొదటి వారాంతంలో భువనగిరి కోట గుట్ట దగ్గర రెండు రోజుల రాక్ క్లైంబింగ్ శిక్షణ ముగించుకుని, ఆదివారం రాత్రికి హైదరాబాదులోని ఇంటికి చేరాను. మొదటి రోజు నడుముకూ తొడలకూ కట్టుకునే హార్నెస్ బిగించుకోవడం, ఫిగర్ ఆఫ్ ఎయిట్, క్లోవ్ హిచ్ ముడులు వేయడం, ఎక్కేవారి తాడును కింద నిలబడి కాచుకునే బిలే పద్ధతి నేర్పారు. రెండో రోజు తాడు ఆధారంగా బండ మీది నుండి కిందికి దిగే ర్యాపెలింగ్ చేయించారు. అంచు మీద వెనక్కి వాలి ఒంటి బరువంతా తాడుకు అప్పగించవలసిన ఆ మొదటి క్షణంలో నా కాళ్లు నా మాట వినలేదు. తిరుగు ప్రయాణంలో దారి పొడవునా మోదుగులు ఎర్రగా పూచి ఉన్నా, నా మనసు మాత్రం ఆ అంచు దగ్గరే ఉండిపోయింది.

ఇల్లు చేరిన నాలుగో రోజున క్లోవ్ హిచ్ వేయబోతే చేయి తడబడింది. శిక్షకులు మళ్లీ చలికాలంలోనే రమ్మన్నారు. ఒక స్నేహితుడు తన పాత తాడు ఇచ్చాడు, దానిని ఇన్వర్టర్ పక్కన చుట్టపెట్టి ఉంచాను. మా కాలనీ వెనుక ఇరవై అడుగుల బండ కూడా ఉంది. ఉదయం పూట ఆ తాడుతో అక్కడ ఒక్కడినే సాధన చేయవచ్చునా? వేళ్ల కొసల చర్మం లేచిపోయింది, దానికేమైనా ఉపాయం ఉందా?

మొదటి సమాధానం

ముందు ఆ తాడును ఇన్వర్టర్ దగ్గర నుండి తీసివేయండి. ఆరోహణ తాళ్లు నైలాన్‌తో చేసినవి. బ్యాటరీలోని ఆమ్లం తగిలితే, కొన్నిసార్లు దాని ఆవిరి సోకినా, పైకి ఏ మరకా కనిపించకుండానే లోపలి పోగులు బలహీనపడతాయి. తాడు కొసన అతికించిన పట్టీ మీద తయారైన సంవత్సరం, ఈఎన్ అనే ఐరోపా ప్రమాణం సంఖ్య ఉంటాయి. ఈఎన్ 892 అని ఉంటే అది సాగే గుణమున్న డైనమిక్ తాడు, పడిపోయినప్పుడు కుదుపును తాను మింగుతుంది. ఈఎన్ 1891 అని ఉంటే అది అంతగా సాగదు కనుక దిగడానికి పనికివస్తుంది గాని, తాడును వెంట తీసుకుని ముందుగా ఎక్కేవారికి పనికిరాదు. వాడకపోయినా పదేళ్లు దాటిన తాడును పక్కన పెట్టమని తయారీదారులు సాధారణంగా చెబుతారు. ఇక ఎవరి చేతిలో ఎంత నలిగిందో తెలియని తాడును, అది ఎంత కొత్తగా కనిపించినా, నేనైతే నమ్మను.

ముడుల సాధనకు మాత్రం రెండు మీటర్ల ముక్క చాలు. దానిని తలుపు గడియకు కట్టి, కళ్లు మూసుకుని, చేతులు తడిపి, ఎడమచేతితో కూడా వేసి చూడండి. ఫిగర్ ఆఫ్ ఎయిట్ వేశాక కొసన కనీసం పది సెంటీమీటర్ల తాడు మిగలాలి, జంట పోగులు ఒకదానిపై ఒకటి మెలిక పడకుండా పక్కపక్కన నడవాలి. అలా వేసిన ముడిని ఒక్క చూపులో సరిచూడగలం.

రెండో సమాధానం

పై మాటతో ఏకీభవిస్తాను, అయితే అసలు ప్రమాదం ఆ బండ దగ్గర ఉంది. ఒంటరిగా వెళ్లవద్దు, ఇరవై అడుగులంటే రెండంతస్తుల ఎత్తు. ఎక్కడం కంటే దిగడమే కష్టమని రెండు రోజుల శిక్షణలోనే మీకు తెలిసి ఉంటుంది. పైగా మార్చి దాటితే మన గ్రానైట్ పెనంలా కాలుతుంది, చెమటకు పట్టు జారుతుంది. మిమ్మల్ని చలికాలంలో రమ్మన్నది అందుకే. బండల అంచుల కింద కొండ తేనెటీగల పట్టులుంటాయి. పొగ, ఘాటైన అత్తరు వాసన, అలికిడి వాటిని రెచ్చగొడతాయి. తాడుకు వేలాడుతున్నవాడు వాటి నుండి పారిపోలేడు.

2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ కూడా భువనగిరి గుట్ట మీదనే జరిగింది. అక్కడ నేర్పే అడుగులు చిన్నవిగా కనిపించినా తేలికగా తీసుకోదగినవి కావు. వేసవిలో మేడ మెట్లు మునివేళ్ల మీద ఎక్కి దిగండి. కొత్తవారు చేతులతో ఈడ్చుకుంటారు, అనుభవజ్ఞులు కాళ్లతో లేస్తారు.

మూడో సమాధానం

వేళ్ల సంగతి నేను చెబుతాను. లేచిన చర్మాన్ని లాగకుండా కత్తిరించి, రాత్రిపూట కొబ్బరినూనె రాసుకోండి; వారం పది రోజుల్లో మానుతుంది. నేను ఒక ఏడాది ఇలాగే తిరిగివచ్చి, ఉగాది నాడు అత్తయ్యగారి ఎదుట పచ్చడి కోసం చింతపండు పిసికాను. ఉప్పూ కారమూ అప్పటికే అందులో ఉన్నాయి. ఆరు రుచులనూ ముందుగా వేళ్లే చూశాయి. ఈసారి ఆ పని ఇంట్లో మరొకరికి అప్పగించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పట్టీ చూశాను, తాడు 2009లో తయారైంది. రెండు మీటర్లు కోసి తలుపుకు కట్టుకున్నాను, మిగిలినది మా అమ్మగారు డాబా మీద బట్టలు ఆరవేయడానికి దండెంగా కట్టించుకున్నారు. దానికి రెండు వైపులా క్లోవ్ హిచ్ నేనే వేశాను; ఈసారి చేయి తడబడలేదు.