నమ్మకంగా పనిచేసే క్యాన్ ఓపెనర్ ఏది?

రెండేళ్లలో మూడో ఓపెనర్ కూడా పాడైంది. డబ్బా అంచు చుట్టూ సగం వరకూ బాగానే కోస్తుంది, తర్వాత పళ్ల చక్రం పట్టు తప్పి అక్కడే తిరుగుతుంది. మిగతాది చేత్తో లాగాల్సి వస్తోంది. మొన్న అలాగే లాగబోయి అమ్మ వేలు తెగింది. తనకు కీళ్ల నొప్పులు, మణికట్టు గట్టిగా తిప్పలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు తెరుస్తుందేమోనని నాకు టెన్షన్.

మూతను పైనుంచి కాకుండా అంచు పక్కనుంచి కోసే రకం చూశాను. మూత డబ్బాలో పడదు, అంచు పదునుగా మిగలదు, చక్రం తినే పదార్థానికి తగలదు. నాకు అదే మేలనిపిస్తోంది. కానీ కోత పూర్తయిందని చేతికి ఎలా తెలుస్తుంది? ఎక్కువ తిప్పితే సన్నటి రేకు పోగులు లేస్తాయా?

బ్యాటరీతో నడిచేదైతే బలం అక్కర్లేదు సరే, అంచు సొట్టపోయిన డబ్బా దగ్గర ఆగిపోతుందా?

కనీసం రెండేళ్లు వాడినవాళ్లు చెప్పండి. చక్రం పట్టు ఇంకా అలాగే ఉందా, తుప్పు పట్టిందా? తిప్పే పిడి ఎంత పెద్దదో కూడా దయచేసి రాయండి, అమ్మకు అదే ముఖ్యం.