భారతీయ ఫుడ్ ట్రక్కు దగ్గర ఏం తింటే మంచిది?

ప్రశ్న: అమెరికాలోని మా ఆఫీసు దగ్గరికి వారానికి రెండు రోజులు ఒక భారతీయ ఫుడ్ ట్రక్కు వస్తోంది. పోయినసారి మసాలా దోసెను మూత పెట్టిన డబ్బాలో పైకి తెచ్చుకునేసరికి అది మెత్తబడి, తుంచబోతే సాగింది; కొబ్బరి చట్నీ కూడా కాస్త పులిసిన వాసన వేసింది. అక్కడ ఏవి తినవచ్చో, ఏవి మానుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: దోసె మెత్తబడడం వంటవారి తప్పు కాదండీ. వేడి దోసె ఆవిరి మూతకు తగిలి, నీరై మళ్లీ దోసె మీదే పడుతుంది కాబట్టి, పెనం మీదనుంచి తీయగానే కాగితపు ప్లేటులో పెట్టించుకుని ట్రక్కు పక్కనే నిలబడి తినాలి. పైకి తీసుకువెళ్లక తప్పకపోతే పులావు నయం.

సమాధానం 2: చట్నీ విషయాన్ని మాత్రం తేలికగా తీసుకోవద్దు. పచ్చికొబ్బరి ఎండలో త్వరగా పాడవుతుంది. అక్కడి రాష్ట్రాలకు నమూనాగా ఉండే, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) వారి ఫుడ్ కోడ్ ప్రకారం, త్వరగా చెడిపోయే పదార్థాలను చల్లగా ఉంచితే 5 డిగ్రీల సెల్సియస్ మించకుండా, వేడిగా ఉంచితే 57 డిగ్రీలకు తగ్గకుండా ఉంచాలి. చట్నీ గిన్నె ఐసు మీద ఉందో, ఊరికే గట్టు మీద ఉందో కిటికీలోంచే కనిపిస్తుంది. గట్టు మీద ఉంటే చట్నీ వద్దని చెప్పి, పొగలు కక్కే సాంబారు అడగండి. పులిసిన వాసన వచ్చిందంటే, నేనైతే ఆ మాట వారికి మర్యాదగా చెప్పేవాణ్ణి.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ ధన్యవాదాలు. గిన్నె గట్టు మీదే ఉన్నట్టు గుర్తు. ఈసారి వెళ్లినప్పుడు తప్పకుండా చెబుతాను.